పేగు జబ్బుతో చిక్కిపోయిన పిల్లి: బరువు పెరగాలంటే ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి?

మల్లి_వాళ్లక్క (కడప)

అందరికీ నమస్కారం. మాది కడప, ఎర్రముక్కపల్లి వైపు. మా మల్లికి 9 ఏళ్లు, నాటు పిల్లే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడో అయింది. నిరుడు 4.1 కిలోలు ఉండేది, ఇప్పుడు 2.9. వాంతులు, మధ్యమధ్యలో పల్చటి విరేచనాలు చాలాకాలంగా ఉన్నాయి. రక్తపరీక్షలో థైరాయిడ్, షుగర్, కిడ్నీ అన్నీ బాగానే వచ్చాయి. స్కాన్‌లో చిన్నపేగు గోడ మందంగా ఉందన్నారు. ఐబీడీ, అంటే పేగు చాలాకాలం వాచి ఉండే జబ్బు కావచ్చు, నెమ్మదిగా పెరిగే రకం లింఫోమా అనే క్యాన్సర్ అయినా కావచ్చు, పేగు ముక్క తీసి పరీక్షకు పంపితే తప్ప ఏదని తేల్చలేమన్నారు డాక్టర్. ఇంత బక్కగా ఉన్నప్పుడు మత్తు ఇవ్వడం ఎందుకని ప్రస్తుతానికి వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు ప్రెడ్నిసోలోన్ మొదలుపెట్టారు. వాంతులు బాగా తగ్గాయి, ఆకలి కూడా వచ్చింది, గిన్నె నాకి నాకి పెడుతోంది. కానీ తిన్నది ఒంటికి పట్టడం లేదు. వీపు నిమిరితే వెన్నుపూసలు ఒక్కొక్కటీ వేలికి తగులుతున్నాయి, తొడల మీద కండ అనేదే లేదు.

మా జేజి పాలన్నంలో నెయ్యి వేసి పెట్టమంటోంది. పెట్ షాపు ఆయన కిట్టెన్ ఫుడ్ అన్నాడు, పక్కింటి వాళ్లు లివర్ అన్నారు. ఎవరి మాట వినాలో అర్థం కావడం లేదు. పేగుకు ఇబ్బంది లేకుండా బరువు పెరగడానికి ఏం పెట్టాలి, రోజుకు ఎంత, ఎంత వేగంగా పెంచాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

బురుజు_దగ్గర (కర్నూలు)

అక్కా, ముందు మూడు సంగతులు చెప్పండి. ఇప్పుడు ఏం తింటోంది, అంటే బ్రాండ్ పేరు కాదు, అందులో ఏ మాంసం ఉందో. నులిపురుగుల మందు ఎప్పుడు వేశారు. బి12 విటమిన్ గురించి డాక్టర్ ఏమైనా అన్నారా. ఈ చివరిది ముఖ్యం, మా ఇంట్లో పెద్ద పిల్లికి ఇదే జబ్బు, బి12 ఇంజక్షన్లు పడ్డాకే దానికి తిండి ఒంటబట్టడం మొదలైంది.

మల్లి_వాళ్లక్క (కడప)

పొద్దున కాసిని పాలు, తర్వాత ట్యూనా డ్రై ఫుడ్, మధ్యాహ్నం ఉడకబెట్టిన చికెన్, రాత్రికి చికెన్ పౌచ్. నులిపురుగుల మందు పోయిన నెలలోనే వేశారు, మలం పరీక్ష కూడా అయింది, ఏమీ లేదు. బి12 మాట ఇంతవరకు రాలేదు.

పాడి_ఇల్లు (పులివెందుల)

అక్కా, మా ఇంట్లో పిల్లులన్నీ పాలన్నం తినే పెరిగినాయి, ఒక్కదానికీ ఏమీ కాలేదు. జేజి చెప్పింది తప్పేమీ కాదు. వేడి అన్నంలో చెంచా నెయ్యి, కాస్త పెరుగు వేసి పెట్టండి. చలవ కూడా చేస్తుంది. బరువు పెరగడానికి నెయ్యిని మించింది ఏముంటుంది?

పశువైద్యం_అనంత (అనంతపురం)

పాడి ఇల్లు తమ్ముడూ, మీ ఇంటి పిల్లులు పాలన్నంతో పాటు ఎలుకల్ని, బల్లుల్ని, పిట్టల్ని పట్టుకుని తిని ఉంటాయి. వాటికి మాంసం అక్కడి నుంచి వచ్చింది. మల్లి ఇంట్లో ఉండే పిల్లి, పైగా పేగు దెబ్బతింది. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగదు. ఆరోగ్యంగా ఉన్నవాటికే పాలతో విరేచనం అవుతుంటే వాచిన పేగుకు చెప్పనక్కర్లేదు. పాలు ఇవాళే ఆపేయండి అక్కా.

ఇక అసలు విషయం. పేగు గోడ వాచి ఉన్నప్పుడు లోపలికి వెళ్లిన తిండిలో కొంత రక్తంలోకి చేరకుండానే బయటికి పోతుంది. అలాంటప్పుడు గిన్నెలో పోసేది రెట్టింపు చేస్తే విరేచనం రెట్టింపు అవుతుంది, బరువు మాత్రం కాదు. కాబట్టి ముందు పేగుకు పడే తిండి ఏదో పట్టుకోవాలి, దానికి బి12 తోడు చేయాలి, ఆ తర్వాతే కొలత పెంచాలి. ఈ వరుస తప్పితే డబ్బూ పోతుంది, పిల్లీ ఇంకా చిక్కుతుంది.

బి12 చిన్నపేగు చివరి భాగంలో పీల్చుకోబడుతుంది. అందుకు కావాల్సిన ప్రొటీన్ పిల్లుల్లో క్లోమం నుంచి వస్తుంది. పేగు గానీ క్లోమం గానీ దెబ్బతింటే బి12 పడిపోతుంది, అది పడిపోతే ఆకలి తగ్గుతుంది, పేగు కణాలు కోలుకోవు, ఇచ్చిన మందులు కూడా సరిగ్గా పనిచేయవు. పిల్లులకు మామూలుగా వాడే పద్ధతి ఏంటంటే వారానికి ఒకసారి 250 మైక్రోగ్రాములు చర్మం కింద ఇంజక్షన్, ఆరు వారాలు, తర్వాత నెలకు ఇంకొకటి, ఆపైన మళ్లీ రక్తపరీక్ష. నోటి ద్వారా రోజూ ఇచ్చినా పనిచేస్తుంది. ఎక్కువైతే మూత్రంలో పోతుంది కాబట్టి చాలామంది డాక్టర్లు రిపోర్టు కోసం ఆగకుండానే మొదలుపెడతారు. అయితే మెడికల్ షాపులో మనుషులకు అమ్మే బి కాంప్లెక్స్ ఇంజక్షన్ తెచ్చుకోకండి, అందులో బి12 తక్కువ, పొడిస్తే మంట ఎక్కువ. బి12 ఒక్కటే ఉన్న మందు రాయమని మీ డాక్టర్‌ని అడగండి.

ప్రెడ్నిసోలోన్ మీ అంతట మీరు ఆపకండి, తగ్గించకండి. నీళ్లు విపరీతంగా తాగడం, మూత్రం ఎక్కువ పోయడం కనిపిస్తే వెంటనే చెప్పండి, ఆ మందుతో కొన్ని పిల్లులకు షుగర్ వస్తుంది.

మల్లి_వాళ్లక్క (కడప)

డాక్టర్ గారూ, చాలా థాంక్స్. పాలు ఆపేశాను. "పేగుకు పడే తిండి" అన్నారు కదా, అది ఎలా తెలుసుకోవాలి?

బురుజు_దగ్గర (కర్నూలు)

ఇది నేను చెప్తాను, మేం దాటొచ్చిన దారే. ఇప్పటిదాకా ఎప్పుడూ తినని మాంసం ఒక్కటి ఎంచుకుని, అది తప్ప వేరేదేదీ నోట్లో పడకుండా చూడాలి. పిల్లుల్లో ఎక్కువగా పడనివి చికెన్, చేప, బీఫ్, పాల పదార్థాలు. మీ మల్లి రోజూ తినేవి సరిగ్గా వాటిలోవే. పేగు జబ్బులో తిండితో తగ్గే రకమైతే సాధారణంగా రెండు వారాల్లోనే తేడా తెలిసిపోతుంది, చర్మం దురదకైతే నెలల తరబడి పెట్టి చూడాలి గానీ కడుపుకు అంత అక్కర్లేదు.

రెండు మార్గాలు ఉన్నాయి. ఒకటి హైడ్రోలైజ్డ్ ఫుడ్, అంటే ప్రొటీన్‌ని ఒళ్లు గుర్తుపట్టలేనంత చిన్న ముక్కలుగా విడగొట్టి తయారు చేసేది. డాక్టర్ చీటీ మీద దొరుకుతుంది, ఖరీదు, కర్నూలులో అయితే ఆర్డర్ చెప్పి తెప్పించుకోవాలి. రెండోది ఇంట్లో వండేది. మన వైపు మేక మాంసానికి కొదవ లేదు, కౌజు పిట్టలు, ఫారం కుందేలు కూడా అడిగితే దొరుకుతాయి. కౌజు కూడా కోడి జాతిదే కాబట్టి చికెన్ పడని పిల్లికి అది పడకపోవచ్చు, మేకతోనో కుందేలుతోనో మొదలుపెట్టడం మేలు. మేం మేక మాంసం పెట్టాం.

ఆ రెండు వారాలూ కాపలా కాయాలి. మిద్దె మీద పక్కింటి వాళ్లు వేసే చేప తలకాయ, గోడ మీద బల్లి, చికెన్ రుచి కలిపిన నులిపురుగుల పేస్టు, పిల్లలు చేతిలో పిండి నాకించే ట్రీట్ ట్యూబులు, అన్నీ లెక్కలోకి వస్తాయి. ఒక్కటి జారినా ఏది పడిందో ఏది పడలేదో తెలియకుండా పోతుంది.

మేడమీద_తోట (నంద్యాల)

మేక మాంసం అనగానే మనిషి కూరలోది తీసి కడిగి పెట్టేవాళ్లు ఉన్నారు, దయచేసి అది చేయకండి. ఉల్లి, వెల్లుల్లి పిల్లుల ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి, వండినా ఎండబెట్టినా విషమే. ఉప్పు, కారం, మసాలా ఏదీ వద్దు. ఉడికిన ఎముక కూడా వద్దు, చీలికలై పేగులో గుచ్చుకుంటుంది.

ఇంకొక మాట. వట్టి మాంసం నెలల తరబడి పెడితే పిల్లి బరువు పెరిగినట్టు కనిపించినా లోపల లోపాలు వస్తాయి. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం దాదాపు లేదు. అడవిలో పిల్లి ఎలుకను ఎముకలతో సహా తింటుంది కాబట్టి సరిపోతుంది. టారిన్ అనే పదార్థం పిల్లి ఒళ్లు సరిపడా తయారు చేసుకోలేదు, ఉడికిస్తే అది నీళ్లలోకి దిగిపోతుంది. టారిన్ తక్కువైతే పిల్లి గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లో అమెరికాలో పరిశోధకులు రుజువు చేశాకే కంపెనీ ఫుడ్‌లలో దాన్ని పెంచారు. కళ్లు కూడా దెబ్బతింటాయి. కాబట్టి ఉడికించిన నీళ్లు పారబోయకండి, ఆ ముక్కల మీదే పోయండి. రెండు వారాల పరీక్షకు వట్టి మాంసం పర్వాలేదు. ఆ తర్వాత కూడా ఇంటి వంటే పెట్టాలనుకుంటే కాల్షియం, టారిన్, విటమిన్లు ఎంత కలపాలో డాక్టర్ దగ్గర రాయించుకోవాలి.

లివర్ గురించి అడిగారు. చిటికెడు పర్వాలేదు, రోజూ గుప్పెడు పెడితే విటమిన్ ఎ పేరుకుపోయి మెడ, వెన్ను ఎముకలు బిగుసుకుపోతాయి. పచ్చి చేప వద్దు, కొన్ని చేపల్లో ఉండే ఒక ఎంజైమ్ బి1 విటమిన్‌ని నాశనం చేస్తుంది.

పాడి_ఇల్లు (పులివెందుల)

అన్నీ వద్దు వద్దు అంటే ఇంక పెట్టేదేముంది? నెయ్యి అయినా కలపొచ్చా లేదా అది చెప్పండి సార్. అందులో బలం ఉంది కదా.

పశువైద్యం_అనంత (అనంతపురం)

మంచి ప్రశ్న తమ్ముడూ, చాలామంది తడబడేది ఇక్కడే. కుక్కలకు పేగు జబ్బు వస్తే కొవ్వు తగ్గిస్తాం. పిల్లులు మాంసాహారులు, కొవ్వును చాలావరకు బాగానే అరిగించుకుంటాయి, కాబట్టి కొవ్వంటే భయపడి పస్తు పెట్టాల్సిన పని లేదు. కానీ మల్లికి కావాల్సింది కండ. కండ ప్రొటీన్‌తో వస్తుంది. గ్రాము నెయ్యిలో దాదాపు 9 కేలరీలు ఉంటాయి, ఒక్క గ్రాము ప్రొటీన్ కూడా ఉండదు. నెయ్యితో కడుపు నిండితే ఆ మేరకు మాంసం తక్కువ తింటుంది. పైగా పేగు పీల్చుకోలేని కొవ్వు నూనె మెరుపుతో, దుర్వాసనతో మలంలో బయటికొస్తుంది. నెయ్యి పాల పదార్థం కూడా, తిండి పరీక్ష జరుగుతున్నప్పుడు అసలు పనికిరాదు. కొవ్వు కావాలంటే ఆ మేక మాంసంలోనే కాస్త కొవ్వున్న ముక్క తీసుకోండి, మలం గట్టిగా ఉన్నంతకాలం ఫర్వాలేదు.

కిట్టెన్ ఫుడ్ సలహా మరీ చెడ్డదేమీ కాదు, కేలరీలు, ప్రొటీన్ ఎక్కువే ఉంటాయి. కానీ అది కూడా చాలావరకు చికెన్, చేపే. పరీక్ష అయ్యి, చికెన్ పడుతుందని తేలాక ఆలోచించండి.

ఎంత పెట్టాలన్నదానికి లెక్క ఉంది. బరువును 30తో గుణించి 70 కలపండి. 2.9 కిలోలకు 157 కేలరీలు వస్తాయి. కదలకుండా పడుకుంటే ప్రాణానికి కావాల్సింది అంత. బరువు పెరగాలంటే దానికి పైన పోవాలి, అరుగుదల సరిగ్గా లేని పిల్లికి ఇంకా ఎక్కువ కూడా పట్టొచ్చు. కానీ ఒక్కసారిగా కాదు. మొదట మూడు నాలుగు రోజులు ఇప్పుడు తింటున్న మొత్తాన్ని తూకం వేసి రాసుకోండి. దానికి పదో వంతు కలిపి మూడు నాలుగు రోజులు చూడండి. మలం అలాగే ఉంటే ఇంకో పదో వంతు. పల్చబడితే ఒక మెట్టు వెనక్కి రండి. రోజు మొత్తాన్ని ఐదారు చిన్న భాగాలు చేసి పెట్టండి, వాచిన పేగు ఒకేసారి పెద్ద ముద్దను తట్టుకోలేదు.

మేడమీద_తోట (నంద్యాల)

తూకం విషయంలో ఒక మాట. డ్రై ఫుడ్ గ్రాముకు సుమారు మూడున్నర నుంచి నాలుగు కేలరీలు ఉంటుంది, పౌచ్‌లో మూడొంతులకు పైగా నీళ్లే. అందుకే పౌచ్ మొత్తం తిన్నా పిల్లికి చేరేది తక్కువ. ప్యాకెట్ వెనక "సంపూర్ణ ఆహారం" అని ఉందో, "పూరక ఆహారం" అని ఉందో చదవండి, రెండో రకంతోనే రోజంతా గడిపితే పోషకాలు చాలవు.

మనుషులు నిలబడే మిషన్ మీద పిల్లిని ఎత్తుకుని తూచి తీసేసే లెక్క నమ్మకండి, వంద గ్రాములు అటూ ఇటూ చూపిస్తుంది, మనకు కావాల్సిన తేడా అంతకంటే చిన్నది. మా వీధి చివర కిరాణా అంగట్లో ఎలక్ట్రానిక్ కాటా ఉంది, మూత ఉన్న ప్లాస్టిక్ బుట్ట పెట్టి సున్నా చేసి అందులో పిల్లిని కూర్చోబెడతాం. వారానికి ఒకసారి, అదే కాటా, పొద్దున తినకముందు.

కొత్తగా_చేరాను (ఆదోని)

అందరికీ నమస్తే. ఈ చర్చ చూసి వెంటనే అకౌంట్ తెరిచాను. మా మగ పిల్లికి కూడా ఐబీడీ అన్నారు. మూడు రోజులుగా ఏమీ ముట్టడం లేదు, చెవుల లోపల కాస్త పసుపుగా అనిపిస్తోంది. కొంచెం లావు పిల్లి. బలం రావాలని సిరంజీతో చికెన్ గుజ్జు ఎక్కువగా పట్టించేద్దామనుకుంటున్నాను. ఎన్ని మి.లీ. పట్టాలి?

పశువైద్యం_అనంత (అనంతపురం)

అమ్మా, పట్టించకండి. ఇవాళే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, రేపటిదాకా ఆగొద్దు. పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వు కాలేయానికి చేరి అక్కడ పేరుకుపోవచ్చు, లావు పిల్లుల్లో మరీ త్వరగా. చెవులు, చిగుళ్లు పసుపుగా మారడం దానికి గుర్తు. ఇది ప్రాణం మీదికి తెస్తుంది, సమయానికి చూస్తే కోలుకుంటాయి కూడా.

పస్తున్న పిల్లికి ఒక్కసారిగా నిండా పెడితే ఇంకో ప్రమాదం ఉంది. రక్తంలోని భాస్వరం, పొటాషియం హఠాత్తుగా కణాల్లోకి వెళ్లిపోయి రక్తకణాలు పగిలిపోవచ్చు, గుండె లయ తప్పొచ్చు. అందుకే మొదటి రోజు నేను పైన చెప్పిన లెక్కలో పావు వంతు నుంచి మూడో వంతు వరకే ఇస్తాం, కొన్ని రోజుల్లో పూర్తికి తెస్తాం, రక్తపరీక్ష చూసుకుంటూ. బలవంతంగా నోట్లో కూరితే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ఆ తిండి మీదే జన్మలో అసహ్యం పుట్టొచ్చు. అవసరమైతే మెడ పక్క నుంచి ఆహార గొట్టం వేస్తారు, చూడటానికి భయంగా ఉంటుంది గానీ పిల్లికి ఇబ్బంది తక్కువ, మందులు కూడా అందులోంచే వెళ్లిపోతాయి. మీకు దగ్గర్లో కుదరకపోతే కర్నూలు వెళ్లండి. ఆకలి పుట్టించే మందులు, వికారం తగ్గించే మందులు ఉన్నాయి, అవి డాక్టర్ చూసి ఇస్తారు. ఇంట్లో ఉన్న పారాసిటమాల్ లాంటివి వేయకండి, పిల్లికి అది ప్రాణాంతకం.

కొత్తగా_చేరాను (ఆదోని)

బయల్దేరుతున్నాం సార్. కర్నూలుకే తీసుకెళ్తున్నాం.

బురుజు_దగ్గర (కర్నూలు)

ఆదోని అక్కా, నాకు మెసేజ్ పెట్టండి, మాకు చూసిన డాక్టర్ నంబర్ ఇస్తాను. బస్సైనా కారైనా బుట్ట మీద తడిగుడ్డ కప్పండి, ఎండ మామూలుగా లేదు.

మల్లి_వాళ్లక్క (కడప)

ఆదోని అక్కా, పిల్లి ఎలా ఉందో తప్పకుండా రాయండి.

మా సంగతి చెప్తాను. డాక్టర్‌తో మాట్లాడాను, బి12 ఇంజక్షన్లు మొదలయ్యాయి. మేక మాంసం మొదలుపెట్టి రెండు వారాలు దాటింది. ఉన్నపళంగా మార్చలేదు, పాత తిండిలో చెంచా చెంచా కలుపుతూ పది రోజులు తీసుకుని మార్చాను, వట్టి మేక మాంసం మీదికి వచ్చాకే రెండు వారాల లెక్క. ఎముక లేని మెత్తటి ముక్క తెచ్చి కుక్కర్‌లో నీళ్లు తక్కువ పోసి ఉడికించి, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, ఆ రసం పైన పోస్తున్నాను. ఫ్రిజ్‌లోంచి తీసింది అలాగే పెడితే మూతి తిప్పుకుంటోంది, గిన్నెను వేడినీళ్లలో ఉంచి గోరువెచ్చగా చేస్తే వాసన పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొస్తోంది. మలం గట్టిపడింది. వాంతి వారంలో ఒక్కసారి కూడా కాలేదు. బరువు 2.9 నుంచి 2.96, ఆ తర్వాతి వారం 3.04. వీపు ఎముకలు ఇంకా తగులుతున్నాయి, కానీ పక్కల్లో కొంచెం మెత్తగా తెలుస్తోంది.

ఒకటే ఇబ్బంది, ఎండ. మిగిలింది అరగంటలోనే వాసన వేస్తోంది, చీమలు పడుతున్నాయి.

పాడి_ఇల్లు (పులివెందుల)

సంతోషం అక్కా. చీమలకు ఒక పని చేయండి, వెడల్పు పళ్లెంలో నీళ్లు పోసి మధ్యలో గిన్నె పెట్టండి, మేం పాల గిన్నెలకు అలాగే చేస్తాం. తిన్నంత తినగానే తీసేయడమే మేలు, ఎండాకాలం మాంసం నమ్మకూడదు. వండింది చిన్న డబ్బాల్లో ఒక్కో పూటకు ఒక్కోటి డీప్ ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

పశువైద్యం_అనంత (అనంతపురం)

ఇది మంచి పెరుగుదల అక్కా, దీనికంటే తొందరపడకండి. ప్రెడ్నిసోలోన్ వాడే పిల్లుల్లో కొన్నిసార్లు పొట్ట మాత్రమే లావై వీపు, తొడలు అలాగే బక్కగా ఉండిపోతాయి, అందుకే కాటా అంకె ఒక్కటే చూడకుండా వారం వారం వెన్నుకు రెండు పక్కలా వేళ్లతో తడిమి కండ ఎలా ఉందో కూడా రాసుకోండి. ఇక రెండు వారాల గడువు అయిపోయింది కాబట్టి వట్టి మాంసంతో ఇంకా లాగొద్దు. కాల్షియం, టారిన్ లెక్క వెంటనే రాయించుకోండి, లేదా మేక గానీ కుందేలు గానీ ఉన్న సంపూర్ణ ఆహారం దొరుకుతుందేమో చూడండి. పేగు ముక్క పరీక్ష సంగతి కూడా వదిలేయకండి, బరువు కాస్త నిలదొక్కుకున్నాక డాక్టర్‌తో మళ్లీ మాట్లాడండి. ఎందుకంటే లింఫోమా అయితే ప్రెడ్నిసోలోన్‌తో పాటు ఇంకో మందు కలపాలి, నెమ్మదిగా పెరిగే ఆ చిన్న కణాల రకంలో చాలా పిల్లులు మందులతో ఏళ్ల తరబడి బాగా ఉంటాయి. మీ వాళ్లకు ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల దగ్గరే, తిరుపతి కూడా మరీ దూరం కాదు, అడిగి చూడండి.

కొత్తగా_చేరాను (ఆదోని)

అందరికీ రుణపడి ఉంటాను. కాలేయానికే వచ్చిందన్నారు. మెడ దగ్గర గొట్టం వేశారు, రోజుకు కొంచెం కొంచెంగా పెంచుతున్నారు. ఇవాళ తనంతట తానే గిన్నె దగ్గరికొచ్చి వాసన చూసింది. గొట్టం ఉండగా గిన్నెలో కూడా తిండి పెట్టొచ్చా?

పశువైద్యం_అనంత (అనంతపురం)

పెట్టొచ్చు, పెట్టాలి కూడా. గొట్టం అడ్డం రాదు. ఎంత తిన్నదో తూచి రాసుకుని, ఆ మేరకు గొట్టంలో పోసేది తగ్గించమని డాక్టర్‌ని అడగండి. తినడం నిలకడగా సాగి బరువు నిలిస్తేనే గొట్టం తీస్తారు, తినడం మొదలుపెట్టింది కదా అని తొందరపెట్టకండి. గొట్టం చుట్టూ చర్మం ఎర్రబడినా చీము కనిపించినా వెంటనే చూపించండి.

మల్లి_వాళ్లక్క (కడప)

ఎంత మంచి వార్త చెప్పారు ఆదోని అక్కా!

డాక్టర్ కాల్షియం, టారిన్ లెక్క రాసిచ్చారు. టారిన్ పొడిని వేడి మీద కాకుండా ఆరాక కలపమన్నారు. ప్రొద్దుటూరులో కూడా కనుక్కున్నాం, బరువు మూడుంపావు దాటాక రమ్మన్నారు. వచ్చే సోమవారం బి12కు రక్తం ఇస్తున్నాం, రిపోర్ట్ రాగానే ఇక్కడే పెడతాను. అప్పటివరకు ప్రతి ఆదివారం తూకం రాస్తుంటాను, తేడా ఏమైనా కనిపిస్తే చెప్పండి.